మరమ్మతు చేయించిన నాలుగో రోజే ఇంజన్ వేడెక్కితే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మాది ఏలూరు. విజయవాడలోని ఒక షెడ్డులో మా కారుకు వాటర్ పంపు, థర్మోస్టాట్ (ఇంజన్ వేడిని బట్టి చల్లబరిచే ద్రవానికి దారి తెరిచే వాల్వు) మార్పించి, రూ. 14,800 ఫోన్ ద్వారా చెల్లించాను. బిల్లు అడిగితే ‘పంపు, థర్మో, లేబర్’ అని చీటీ మీద రాసిచ్చారు. నాలుగో రోజున రాజమహేంద్రవరం వెళుతుండగా టెంపరేచర్ ముల్లు ఎరుపులోకి వెళ్లింది. పెట్రోలు బంకు వరకు సుమారు 8 కిలోమీటర్లు నడిపాక ఇంజన్ ఆగిపోయింది. హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకు, దాని పైభాగమైన హెడ్‌కు మధ్య ఉండే సీలు) పోయిందని, తప్పు నాదేనని, రూ. 52,000 అవుతుందని షెడ్డు యజమాని అంటున్నారు. కారు మా ఇంటి వద్దే ఉంది. వేరే మెకానిక్ చేత ఇంజన్ విప్పించి, తరువాత కేసు వేయవచ్చా?

జవాబు: కేసు వేయవచ్చు; ఇంజన్ విప్పించడం మాత్రం ఇప్పుడే వద్దు. డబ్బు తీసుకొని చేసిన మరమ్మతు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ‘సేవ’ కిందికి వస్తుంది, అందులోని కొరత ‘సేవా లోపం’ అవుతుంది. అయితే ఆ లోపాన్ని రుజువు చేసే భారం ఫిర్యాదుదారుడిదేనని సుప్రీంకోర్టు 2021లో స్పష్టం చేసింది. పని చేయించాక చెడిందని చెప్పడం చాలదు, ఆ పని వల్లనే చెడిందని చూపించాలి. ఆ సాక్ష్యమంతా ప్రస్తుతం మీ కారు బానెట్ కింద ఉంది. మరో మెకానిక్ పానా పెట్టిన మరుక్షణం ‘మా తరువాత విప్పినవాళ్లే చెడగొట్టారు’ అనే వాదన ఎదుటివారికి సిద్ధంగా దొరుకుతుంది.

అందువల్ల ముందుగా షెడ్డు యజమానికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, ఫలానా తేదీన పరీక్ష జరుగుతుందని, హాజరు కావచ్చని తెలియజేయండి. లైసెన్సు ఉన్న మోటారు సర్వేయరు (వాహన నష్టాన్ని అంచనా వేసే నిపుణుడు) సమక్షంలో, ఇంజన్ చల్లగా ఉండగానే, రేడియేటర్‌కు ప్రెషర్ టెస్టు చేయించండి. కొత్త పంపు అతుకు వద్దో, హోస్ క్లాంపు వద్దో కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) కారితే అది మీకు అతి బలమైన సాక్ష్యం. కారకపోతే కేసు పోయినట్టు కాదు. కూలెంట్ నింపాక లోపలి గాలిని పూర్తిగా తీయకపోయినా, ఫ్యాన్ కనెక్టర్ తిరిగి పెట్టకపోయినా, థర్మోస్టాట్ తెరుచుకోకపోయినా ఇంజన్ వేడెక్కుతుంది. థర్మోస్టాట్‌ను విడిగా తీసి నీటిలో మరిగిస్తే దానిపై ముద్రించిన ఉష్ణోగ్రత వద్ద తెరుచుకుంటుందో లేదో తెలిసిపోతుంది. కూలెంట్‌లోకి మండిన వాయువు చేరుతోందా అనేది రంగు మారే ద్రావకంతో చూస్తారు. అది నీలం నుంచి పసుపుకు తిరిగితే గ్యాస్కెట్ లేదా హెడ్ దెబ్బతిన్నదని అనుమానించాలి. కానీ అది వేడెక్కడానికి కారణమా, వేడెక్కినందువల్ల కలిగిన ఫలితమా అన్నదే అసలు వివాదం. సర్వేయరు నివేదికలో ఆ ప్రశ్నకు సూటిగా జవాబు రాయించండి, ఆయన చేత అఫిడవిట్ కూడా తీసుకోండి.

ఇక ఆ 8 కిలోమీటర్ల సంగతి. దానిని దాచవద్దు. ముల్లు ఎరుపులో ఉండగా నడిపితే అల్యూమినియం హెడ్ వంగిపోతుందని ఎదుటివారు తప్పక వాదిస్తారు. తగ్గించుకోగలిగిన నష్టానికి పరిహారం అడగడం కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ వివరణ దృష్ట్యా కష్టం. రూ. 14,800ను, ఇంజన్ ఖర్చును వేర్వేరు అభ్యర్థనలుగా అడగమని నా సలహా. వినియోగదారుల కమిషన్ రెండవదాన్ని తగ్గించినా మొదటిదానికి ఢోకా ఉండదు.

చీటీ రాసిచ్చినందుకు బాధపడకండి. సేవకు బిల్లు ఇవ్వకపోవడమే వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. చెల్లింపు రికార్డు, ఆ చీటీ, వాట్సాప్ సంభాషణలు భద్రపరచండి. పాత పంపు మీ వద్ద లేకపోతే, దానిని తిరిగి ఇవ్వమని నోటీసులోనే అడగండి.

పని విజయవాడలో జరిగినా మీరు నివసించే చోట, అంటే ఏలూరు జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన ప్రతిఫలం రూ. 5 లక్షల లోపు కనుక ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పి చూడవచ్చు గాని, అక్కడి సంప్రదింపుల వల్ల గడువు ఆగదు.

నోటీసు అందాక యజమాని ఉచితంగా చేసిస్తానంటే అంగీకరించడంలో తప్పు లేదు. ఏ భాగాలు మారుస్తారో, ఎన్ని నెలల హామీ ఇస్తారో రాయించుకోండి. ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అనే కాగితం ఇస్తే మాత్రం, కారు రాజమహేంద్రవరం వరకు వెళ్లి వేడెక్కకుండా తిరిగి వచ్చేవరకు దానిపై సంతకం చేయవద్దు.