డాక్టర్ సలహా: యోగా డేకి వచ్చిన ఆరొందల మంది తర్వాత ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: నా వయసు 43. తెలంగాణలో ఒక యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. ఈ ఏడాది మా వెల్‌నెస్ కమిటీ బాధ్యత నాకు అప్పగించారు. జూన్ 21న యోగా డే చేస్తే ఆరొందల మంది వచ్చారు. ఆ ఊపులో రోజూ ఉదయం యోగా, శనివారం జుంబా, ఒక 5కే రన్, ఒక హెల్త్ క్యాంప్ పెట్టాం. రెండు నెలలు తిరిగేసరికి యోగాకి పదకొండు మంది మిగిలారు. అందులో ఏడుగురు ముందు నుంచీ వాకింగ్ చేసేవాళ్లే. బడ్జెట్ అంతంతమాత్రం. పిల్లలకీ, స్టాఫ్‌కీ నిజంగా పనికొచ్చేలా ఏం చేయొచ్చు? ఇంకో మాట. ఆ క్యాంప్‌లోనే నాకు హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. ఇది షుగరేనా? అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ముందు మీ టెన్షన్ సంగతి చూద్దాం. హెచ్‌బీఏ1సీ అంటే గత రెండు మూడు నెలల్లో సగటున షుగర్ ఎంత ఉందో చెప్పే రక్తపరీక్ష. అది 6.1 అంటే షుగర్ వచ్చినట్టు కాదు. 5.7 నుంచి 6.4 వరకు ప్రీడయాబెటిస్, అంటే షుగర్‌కి ముందు దశ అంటాం. 6.5, ఆపైన వస్తేనే షుగర్ అని అనుమానించి, మరో పరీక్షతో నిర్ధారిస్తాం. అయితే మీ విషయంలో ఒకటి తప్పకుండా చూసుకోవాలి. ఒంట్లో ఐరన్ తక్కువై రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ అసలుకన్నా కాస్త ఎక్కువ చూపించవచ్చు. మీ వయసు ఆడవాళ్లలో రక్తహీనత చాలా మామూలు. కాబట్టి హిమోగ్లోబిన్ చేయించండి. దాంతోపాటు పరగడుపున ఒకసారి, 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు ఒకసారి షుగర్ చూపించుకోండి. అప్పుడు అసలు సంగతి తేలుతుంది.

ప్రీడయాబెటిస్ అనే తేలినా బెంబేలు పడక్కర్లేదు. చెన్నైలో 531 మంది మీద చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో తిండిలో మార్పులు, నడక వల్ల షుగర్ వచ్చే ముప్పు 28 శాతానికి పైగా తగ్గింది. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవాళ్లకు దక్కిన ఫలితం కూడా దాదాపు అంతే. మన దేశంలో 13 కోట్లకు పైగా జనం మీలాగే ప్రీడయాబెటిస్‌తో ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే 2023లో చెప్పింది. అందులో చాలామందికి ఆ సంగతే తెలియదు. మీకు తెలిసింది, అదీ టైమ్‌కి తెలిసింది.

ఇక క్యాంపస్ సంగతి. మీకు ఎదురైందే అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలోనూ ఎదురైంది. అక్కడ 2016లో దాదాపు 4,800 మంది ఉద్యోగులను లాటరీ తీసినట్టు రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు మాత్రమే హెల్త్ చెకప్‌లు, వెల్‌నెస్ తరగతులు, వచ్చినందుకు డబ్బు బహుమతులు ఇచ్చారు. తర్వాత చూస్తే రెండు గుంపుల మధ్య వైద్య ఖర్చుల్లో గానీ, జిమ్‌కి వెళ్లడంలో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. కార్యక్రమాలకు వచ్చినవాళ్లలో ఎక్కువమంది అప్పటికే ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాళ్లు. మీ పదకొండు మందిలో ఏడుగురు పాత వాకర్లే అని రాశారు చూడండి, సరిగ్గా అదే.

దీన్నిబట్టి ఇవన్నీ వృథా అని నేననను. మనం కుర్చీలు వేసి పిలుస్తున్నాం, పిలుపు అందేవాళ్లు వస్తున్నారు. వైద్యం ఎక్కువ అవసరమైనవాళ్లకు ఆ పిలుపే అందడం లేదు. మీ కమిటీ ఇక నుంచి ఎంతమంది వచ్చారన్నది కాకుండా ఎవరు రాలేదన్నది రాసుకోవడం మొదలుపెడితే మిగతా పనులు వాటంతట అవే తోస్తాయి.

కొన్నేళ్ల కిందట నేనొక కాలేజీలో హెల్త్ క్యాంప్‌కి వెళ్లాను. ఆడిటోరియంలో బల్లలు, బ్యానర్, పూల బొకేలు అన్నీ ఉన్నాయి. మధ్యాహ్నం వరకు లెక్చరర్లు, పిల్లలు లైన్లో వచ్చి చూపించుకున్నారు. సాయంత్రం తిరిగి వెళ్తూ గేటు దగ్గర కారు ఆపాం. సెక్యూరిటీ ఆయన గొలుసు దించడానికి లేచి, ఒక్క క్షణం గేటు స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. "తల తిరుగుతోందా పెద్దాయనా?" అని అడిగితే, "నైట్ డ్యూటీ కదా సార్, అలవాటే" అన్నాడు. అదే ప్లాస్టిక్ కుర్చీలో ఐదు నిమిషాలు కూర్చోబెట్టి బీపీ చూశాను. 178/106. రెండోసారి చూస్తే 174/104. లోపల పొద్దుటి నుంచి బీపీ మిషన్లు పనిచేస్తూనే ఉన్నాయి. ఆయన డ్యూటీ వదిలి లోపలికి రావడానికి వీల్లేదు. ఆ రోజు మేం చూసినవాళ్లందరిలో వైద్యం అత్యవసరంగా కావలసిన మనిషి ఆయనే.

అందుకే మీకు నేను చెప్పే మొదటి పని: బీపీ మిషన్‌ని ఆడిటోరియంలో పెట్టకండి. గేటు దగ్గరికి, మెస్ వంటగదికి, బస్ షెడ్‌కి, స్వీపర్లు అటెండెన్స్ వేసే చోటుకి తీసుకెళ్లండి. షిఫ్ట్ మారే టైమ్‌లో వెళ్తే ఒకేసారి రెండు షిఫ్టుల వాళ్లూ దొరుకుతారు. అవుట్‌సోర్సింగ్ వాళ్లు మన లెక్కలోకి రారు అని ఆఫీసులో ఎవరైనా అంటే ఒప్పుకోకండి. క్యాంపస్‌లో పనిచేసేవాళ్లందరూ మీ వాళ్లే. మంచి ఆటోమేటిక్ మిషన్ ఒకటి రెండు వేల రూపాయలకు కాస్త అటూఇటూగా వస్తుంది. నర్సుతో ఇద్దరు ముగ్గురు ఎన్ఎస్ఎస్ పిల్లలకు ట్రైనింగ్ ఇప్పిస్తే చాలు. ఆ పిల్లలకూ ఇది మంచిదే. బ్రిటన్‌లో 46 వేల మందికి పైగా ఉద్యోగుల సమాధానాలను పరిశీలించి 2024లో ప్రచురించిన ఒక పరిశోధనలో, రకరకాల వెల్‌నెస్ కార్యక్రమాల్లో పాల్గొన్నవాళ్లకు పెద్దగా తేడా కనిపించలేదు గానీ, పదిమందికి సాయపడే అవకాశం దొరికినవాళ్లు మాత్రం కాస్త మెరుగ్గా ఉన్నట్టు తేలింది.

బీపీ చూసే పద్ధతి కూడా పిల్లలకు సరిగ్గా నేర్పించండి. క్యాంపుల్లో నేను చూసే తప్పుల్లో సగం ఇక్కడే. మనిషి మెట్లెక్కి వచ్చీ రాగానే పట్టీ చుట్టేస్తారు. చొక్కా చెయ్యి మీదే బిగిస్తారు. పక్కన ఎవరో కబుర్లు చెబుతుంటారు. అరగంట ముందు నుంచి టీ, సిగరెట్ ఉండకూడదు. బాత్రూమ్‌కి వెళ్లొచ్చి, వీపు ఆనించి, కాళ్లు నేల మీద ఆనేలా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. 140/90, ఆపైన వస్తే మందు వెంటనే మొదలుపెట్టమని కాదు, వేరే రోజు మళ్లీ చూసి డాక్టర్ దగ్గరికి పంపాలి. 180/120 దాటి, ఛాతీలో నొప్పి, ఆయాసం, మాట తడబాటు, చూపు మసకలాంటివి ఉంటే మాత్రం అప్పటికప్పుడు 108కి ఫోన్ చేయాలి.

మీరు చేసిన క్యాంప్‌లో బీపీ, షుగర్ ఎక్కువ వచ్చినవాళ్ల చీటీలు ఇప్పుడు ఎక్కడున్నాయి? వాళ్లలో ఎంతమంది డాక్టర్ని కలిశారు? ఇది నిష్ఠూరంగా అడగడం లేదు. దాదాపు ప్రతి క్యాంప్‌లోనూ తెగిపోయే దారం ఇదే. కొత్త క్యాంప్ పెట్టేముందు పాత జాబితా తీసి, ఒక్కొక్కరికీ ఫోన్ చేయించండి.

నడక విషయానికి వస్తే, పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులు కండరాలకు పని చెప్పే వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దీనికి ఉదయం ఆరింటి యోగాయే దారి కానక్కర్లేదు. రాత్రి ఒంటిగంటకు పడుకునే స్కాలర్‌ని ఆరింటికి రమ్మంటే రాడు. ఇంట్లో క్యారేజీలు కట్టి, బస్సెక్కి వచ్చే క్లర్క్ అమ్మాయి అసలే రాలేదు. వాళ్ల టైమ్‌లోకి మనమే వెళ్లాలి. లంచ్ అయ్యాక డిపార్ట్‌మెంట్ వారీగా పదిహేను నిమిషాలు చెట్ల కింద నడవండి, ఐదారుగురి గుంపు అయితే చాలు. ఒకరు రాకపోతే, "మేడమ్, రాలేదేంటి?" అని అడిగే మనిషి ఉండాలి. ఆరొందల మందిలో ఆ అడిగేవాళ్లు ఉండరు. తిన్న తర్వాత నడిస్తే రక్తంలో చక్కెర అంతగా ఎగబాకదు కాబట్టి మీకు ఇది అచ్చంగా మందులాంటిది. హాస్టల్ పిల్లలకు రాత్రి మెస్ అయ్యాక ఇదే. అమ్మాయిల హాస్టల్ గేటు పెందలాడే మూసేస్తుంటే, నడక గురించి ఉపన్యాసాలు ఇచ్చేకన్నా లోపలి ఆవరణలో లైట్లు వేయించమని వార్డెన్‌తో మాట్లాడండి.

మెస్ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. వెల్‌నెస్ కమిటీలో మెస్ కాంట్రాక్టర్, హెడ్ కుక్ లేకపోతే ఆ కమిటీ సగం ఖాళీగా ఉన్నట్టే. ఒక్కసారి రాత్రి ప్లేటు చూడండి. గుట్టగా తెల్లన్నం, నీళ్లలాంటి పప్పు, ఆలుగడ్డ వేపుడు, రెండు అప్పడాలు, పచ్చడి. పిండి పదార్థం, ఉప్పు, నూనె పుష్కలం, ప్రొటీన్ లేదు. ఉప్పు రోజుకు ఐదు గ్రాములు, అంటే ఒక టీస్పూన్, దాటకూడదు. పచ్చడీ అప్పడాలే అందులో పెద్ద వాటా తినేస్తాయి. మెనూ మొత్తం మార్చాలంటే ఎవరూ ఒప్పుకోరు, మార్చక్కర్లేదు కూడా. పప్పు చిక్కగా చేయించండి. వారానికి రెండు మూడు రోజులు తోటకూరో, పాలకూరో అందులో పడేలా చూడండి. సాయంత్రం బజ్జీల బదులు శనగ గుగ్గిళ్లు, ఉడకబెట్టిన పల్లీలు పెట్టించండి. గుడ్డు ఇస్తుంటే అది ఆగకుండా చూడండి. క్యాంటీన్‌లో కూల్‌డ్రింకుల ఫ్రిజ్ ముందువరసలో మజ్జిగ ప్యాకెట్లు ఉంటే ఎక్కువమంది అదే తీస్తారు.

ఆడపిల్లల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. "మూడో అంతస్తు ఎక్కితే ఆయాసం వస్తోంది, చదివింది బుర్రకెక్కడం లేదు, జుట్టు ఊడుతోంది" అంటూ వచ్చిన ఒక పీజీ అమ్మాయికి చూస్తే హిమోగ్లోబిన్ 7.8 ఉంది. తనేమో చదువు ఒత్తిడి అనుకుని రెండు నెలలు మెడిటేషన్ క్లాసుకి వెళ్లింది. హాస్టళ్లలో ఏడాదికోసారి హిమోగ్లోబిన్ పరీక్ష పెట్టించండి. 12 కన్నా తక్కువ ఉన్నవాళ్లు డాక్టర్ సలహాతో ఐరన్ మాత్రలు వాడాలి. వాటిని నిమ్మరసంతో తీసుకుంటే బాగా ఒంటబడతాయి. టీ, కాఫీలు మాత్రకీ, భోజనానికీ కనీసం గంట దూరంలో ఉండాలి.

మనసు గురించి మీరు రాయలేదు, కానీ నేను రాయకుండా ఉండలేను. ఇంటర్నల్స్, బ్యాక్‌లాగ్‌లు, ప్లేస్‌మెంట్లు, ఇంటి దగ్గర అప్పు, గైడ్‌తో పడకపోవడం... ఇవన్నీ మోస్తూ హాస్టల్ గదిలో తలుపేసుకున్న పిల్లవాడు జుంబాకి రాడు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరు ఉండాలి. టీచింగ్, నాన్‌టీచింగ్ స్టాఫ్ అందరికీ ఏడాదికి రెండుసార్లు మానసిక ఆరోగ్యం మీద శిక్షణ ఇప్పించాలి. మీ యూనివర్సిటీలో ఇవి జరుగుతున్నాయా? లేకపోతే ఆ తీర్పు కాపీ పట్టుకుని రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్లండి. బడ్జెట్ అడగడానికి ఇంతకన్నా గట్టి కాగితం ఇంకోటి దొరకదు.

శిక్షణలో మొదట వార్డెన్లు, మెస్ సూపర్‌వైజర్లు, రాత్రి వాచ్‌మెన్‌లు ఉండాలి. నాలుగు రోజులుగా భోజనానికి రానిదెవరో, రాత్రంతా మెట్ల మీద కూర్చుంటున్నదెవరో ముందు గమనించేది వాళ్లే. "ధైర్యం తెచ్చుకో, అందరికీ ఉండేవే" అనే మాట తలుపు మూసేస్తుంది. "కొన్నాళ్లుగా నువ్వు నీలా లేవు, ఏం జరిగింది?" అని అడిగి, ఆ తర్వాత మనం మాట్లాడకుండా వినాలి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికి భయపడొద్దు. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, మోస్తున్న బరువు ఒకరితో పంచుకునే వీలు దొరుకుతుంది. ఔనంటే ఒంటరిగా వదలకండి, వెంటనే కౌన్సెలర్‌కి, ఇంట్లోవాళ్లకి చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబర్‌ని నోటీసు బోర్డు మీద కాదు, హాస్టల్ గదుల తలుపుల లోపలివైపు అంటించండి. స్టాఫ్‌కీ ఇది వర్తిస్తుంది. కాంట్రాక్టు రెన్యువల్ అవుతుందో లేదో తెలియని లెక్చరర్‌కి రాత్రి నిద్ర ఎలా పడుతుంది?

సీపీఆర్, అంటే గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్స నేర్పించడం కూడా జాబితాలో వేసుకోండి. ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు నొక్కడం బొమ్మ మీద ఒక్క పూటలో వచ్చేస్తుంది. డ్రైవర్లకు, పీఈటీలకు, బ్యాడ్మింటన్ ఆడే ప్రొఫెసర్లకు ముందు నేర్పించండి.

కొన్ని పనులు మాత్రం చేయకండి. ఎవరు ఎక్కువ బరువు తగ్గారో పోటీ పెట్టి బహుమతులు ఇవ్వొద్దు. పిల్లలు తిండి మానేస్తారు. బరువు, షుగర్ అందరి ముందు గట్టిగా చదవొద్దు, మనిషి చేతికి చీటీ ఇవ్వండి. అటెండెన్స్ మార్కులతో రప్పించొద్దు. నలభై దాటి ఇన్నాళ్లూ కూర్చున్న మనిషిని ఒక్కసారిగా 5కే పరుగెత్తించొద్దు, మన ఎండాకాలంలో అసలే వద్దు. కంట్లో గ్లకోమా (నీటికాసులు) ఉన్నవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు తలకిందులుగా చేసే ఆసనాలు వేయకూడదని యోగా మాస్టర్‌కి చెప్పి ఉంచండి.

మిగిలిన ఆ పదకొండు మందిని వదులుకోకండి. ఒక్కొక్కరిని ఒక్కో లంచ్ నడక గుంపుకి లీడర్‌గా పెట్టండి. ఇక మీ విషయం: హిమోగ్లోబిన్, పరగడుపు షుగర్, గ్లూకోజ్ తాగాక షుగర్ ఈ వారంలోనే చేయించుకోండి. అన్నం మీ మామూలు వాటాలో మూడో వంతు తగ్గించి, ఆ చోటులో కూర, పప్పు పెట్టుకోండి. రాత్రి జొన్న రొట్టె అలవాటుంటే అదీ మంచిదే, రెండు చాలు. నడుం కొలత 80 సెంటీమీటర్లు దాటిందేమో చూసుకోండి. ఇంట్లో అమ్మకో నాన్నకో షుగర్ ఉంటే, గర్భంతో ఉన్నప్పుడు మీకు షుగర్ వచ్చి ఉంటే డాక్టర్‌కి తప్పక చెప్పండి. ముందు ఆ మూడు రిపోర్టులూ చూపించుకోండి. మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించి, ఆ నంబర్‌తో పాటు మీ గేటు దగ్గర కొత్తగా ఎంతమందికి బీపీ బయటపడిందో కూడా రాయండి.

– సీనియర్ ఫిజీషియన్, హైదరాబాద్