పసుపు రంగును నమ్మకు

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

ఊరూరా సేకరించిన పాత ఫొటోల్లో ఉన్న ట్రాక్టర్లు, తవ్వే యంత్రాలు ఏవేవో గుర్తించి పుస్తకం వేయబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ముప్పై ఏళ్లు మరమ్మతు షెడ్డులో గడిపినవాడి మనవరాలు ఈ పని ఎత్తుకుందంటే నా ఛాతీ ఉప్పొంగింది. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫొటో కింద నువ్వు రాసే పేరును ఆ ఇంటివాళ్లు తరతరాలు చెప్పుకుంటారు తల్లీ.

మామూలు సంగతులు నీకు తెలిసే ఉంటాయి. ఫొటో వెనక్కి తిప్పి స్టూడియో ముద్ర చూడు. పెద్దదిగా స్కాన్ చేయించు. మగవాళ్ల చొక్కా జేబులన్నీ వాళ్ల కుడి ఛాతీ మీద కనిపిస్తే నెగెటివ్ తిరగేసి ముద్రించారని అనుమానించు, లేకపోతే పొగగొట్టం ఏ పక్క ఉందో కూడా తప్పు చెబుతావు.

పేర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. మనవాళ్లకు ముందు బకెట్, వెనుక తవ్వే చేయి ఉంటే అది జేసీబీ, గొలుసుల మీద నడిస్తే పొక్లెయిన్. రెండూ కంపెనీల పేర్లే. ఇంగ్లండులో జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ తన పేరు పొడి అక్షరాలతో పెట్టిన కంపెనీ జేసీబీ. 1953లో వాళ్లు ఫోర్డ్‌సన్ మేజర్ ట్రాక్టర్‌కే ముందు బకెట్, వెనుక చేయి బిగించారు. అమెరికాలో కేస్ కంపెనీ 1957లో 320 అనే యంత్రాన్ని రెండూ కలిపి ఫ్యాక్టరీలోనే తయారుచేసింది. మన దేశంలో జేసీబీ ఫ్యాక్టరీ బల్లభ్‌గఢ్‌లో మొదలైంది 1979లో. సాగర్ కాలువల తొలినాటి ఫొటో చూపించి ఎవరైనా 'ఇది ఇక్కడ తయారైన జేసీబీ' అంటే, ఎంత పెద్దవాళ్లయినా సరే, తల ఊపకు. వెనుక చేయి మొదలు ఎక్కడ బిగించారో చూడు. అడ్డంగా పక్కకు జరిపే ఏర్పాటు ఉంటే ఎక్కువగా యూరప్ పద్ధతి, నడిమధ్యనే తిరిగితే అమెరికా పద్ధతి.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. మీ అమ్మకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

1986లో బంధువుల పెళ్లికి వెళ్లాను. నాకు పిన్ని వరసయ్యే ఒకావిడ ఇంట్లో విడిది. గోడ మీద రంగుల ఫొటో, పోయిన బాబాయి ట్రాక్టర్ పక్కన నిలబడి ఉన్నాడు. 'ఊళ్లో మొదటి ట్రాక్టర్ మాదే' అని ఆవిడ అందరికీ చూపిస్తోంది. ట్రాక్టర్ పసుపు రంగులో ఉంది. పొలం ట్రాక్టర్లకు వేరే రంగులు, రోడ్ల పనికీ కాలువల పనికీ అమ్మేవాటికి పసుపు అని నాకు తెలుసు కదా! 'ఇది సేద్యానికి కొన్నది కాదు పిన్నీ, ఏ ప్రాజెక్టుదో అయ్యుంటుంది, బాబాయి పక్కన నిలబడి ఫొటో దిగాడు' అన్నాను. వియ్యాలవారు కూడా అక్కడే ఉన్నారు. ఆవిడ ఒక్క మాట అనలేదు. లోపలికి వెళ్లిపోయింది.

మూడేళ్ల తర్వాత ఆవిడ కొడుకు ఆ ఫొటో పట్టుకుని షెడ్డుకు వచ్చాడు. 'ఇంకొక్కసారి చూడన్నయ్యా' అన్నాడు. భూతద్దం పెట్టి చూశాను. పసుపు రంగు మడ్‌గార్డ్ అంచు దాటి ఆకాశంలోకి ఒలికి ఉంది. బాబాయి కండువా అంచుకూ అదే పసుపు. నలుపు తెలుపు ఫొటోకు స్టూడియోవాళ్లు కుంచెతో రంగులద్దారమ్మా! అప్పుడు ముందు ఇరుసు వైపు చూశాను. చాళ్లను బట్టి చక్రాలు దగ్గరికీ దూరానికీ జరుపుకోవడానికి బోల్టు రంధ్రాలు వరసగా ఉన్నాయి. ముందు బకెట్ బరువు మోసే యంత్రాలకు లావుపాటి, కదలని ఇరుసు ఉంటుంది. వెనుక నాగలి తగిలించే రెండు చేతులు, వాటి గొలుసులు కూడా కనిపించాయి. మాసీ ఫెర్గూసన్ 35, ఎరుపూ బూడిదరంగూ ఉండే అచ్చమైన పొలం ట్రాక్టర్.

మర్నాడే బస్సెక్కి ఆ ఊరు వెళ్లాను. గోడకు మేకు మాత్రమే మిగిలింది. ఫొటో మూడేళ్లుగా ట్రంకుపెట్టెలో ఉందట. ఆవిడ చేతికి భూతద్దమిచ్చి ఒక్కొక్క రంధ్రం చూపించాను. చాలాసేపు చూసింది. 'అందరి ముందూ అన్నావురా' అంది, అంతే. అన్నం పెట్టింది. తినలేకపోయాను.

అందుకే రంగును, బానెట్‌ను, దాని మీది బిళ్లను చివర్న చూడు. అవి మారుతాయి. మా షెడ్డులోనే ఒకదాని బానెట్ మరొకదానికి ఎన్నిసార్లు బిగించామో! ముందు ఇరుసు, గేరు పెట్టె ఆకారం, వెనుక చేతులు చూసి అప్పుడు పేరు రాయి. తేలకపోతే 'తెలియలేదు' అని రాయి, నీకేం తక్కువ కాదు.

పాత ఇనుప సామాను కొట్లకు ఒంటరిగా, చెప్పులేసుకుని వెళ్లకు. ధనుర్వాతం సూది వేయించుకున్నావా? మీ అమ్మను అడిగితే 'వేయించుకుంటుందిలే' అంటోంది, ఆ మాట నాకు నచ్చలేదు.

ఆ భూతద్దాన్ని అమ్మతో పంపుతున్నాను. పిడి వదులైంది, దారం చుట్టాను. నీకు తేలని ఫొటో ఏదైనా ఉంటే నాకు పంపు, పొద్దున వెలుతురులో చూస్తాను.

మీ తాతయ్య