ఆసనాలు వేసే తీరిక లేనివాళ్లకు ఒత్తిడి తగ్గించుకోవడంలో యోగా పనికొస్తుందా?

తప్పకుండా పనికొస్తుంది. యోగసూత్రాలు రాసిన పతంజలి చెప్పిన ఎనిమిది యోగాంగాల్లో ఆసనం ఒకటి మాత్రమే, అదీ మూడోది. మిగతావాటిలో చాలావరకు చాప పరవకుండానే పాటించవచ్చు.

నన్నడిగితే ఊపిరితో మొదలుపెట్టమంటాను. కంగారుపడినప్పుడు ఊపిరి పైపైన, వేగంగా ఆడుతుంది. అప్పుడు ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలండి. ఊపిరి వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి ప్రభావంతో గుండె వేగం కాస్త తగ్గుతుంది. అందుకే పీల్చడం కంటే వదలడం ఎక్కువసేపు సాగాలి. రెండు మూడు నిమిషాలు చేస్తే చాలు. చిరాకు తెప్పించే ఫోన్ వచ్చినప్పుడు, ఒక్క ఊపిరి పూర్తిగా వదిలాకే ఎత్తి చూడండి, మీ గొంతులో తేడా మీకే తెలుస్తుంది. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఊపిరి బిగబట్టే ప్రాణాయామాల జోలికి పోవద్దు.

ఇక ఎనిమిది అంగాల్లో మొదటివైన యమాల్లో, అంటే నడవడికలో పాటించాల్సిన కట్టుబాట్లలో, సత్యం గురించి తక్కువమంది ఆలోచిస్తారు. కుదరని పనికి సరేనని తలూపి, ఆ తర్వాత లోలోపల నలిగిపోతుంటాం. "ఈ వారం నావల్ల కాదండీ, వచ్చే వారం చేసిపెడతాను" అని ముందే మర్యాదగా చెప్పేయడం కూడా సత్యాన్ని పాటించడమే. దీనివల్ల దిగే బరువు చిన్నది కాదు.

మరో అంగమైన ప్రత్యాహారమంటే ఇంద్రియాలను బయటి విషయాల నుంచి వెనక్కి తీసుకోవడం. భోజనం చేసేటప్పుడు ఫోన్ పక్కగదిలో పెట్టడంతో దీన్ని మొదలుపెట్టవచ్చు.

వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, దిగులు వదలకపోయినా వీటితోనే సరిపెట్టుకోకండి, డాక్టర్‌ని కలవండి.