ఒకే ఫైల్‌లో రెండు పనులు కలిసిపోతే: మ్యాగిట్ ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ మ్యాగిట్ గురించే. ఈమాక్స్ అనే ఎడిటర్‌లోంచే గిట్‌ని (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాధనం) వాడుకోనిచ్చేది ఇది. షిఫ్ట్ అని ప్రత్యేకంగా చెప్పకపోతే మీటలన్నీ చిన్నబడి అక్షరాలే.

ప్రశ్న: ఒక ఫైల్‌లో బగ్ సరిచేస్తూ, పనిలో పనిగా వేరియబుల్ పేర్లు కూడా మార్చాను. రెండూ వేర్వేరు కమిట్‌లు (చరిత్రలో విడివిడిగా నమోదయ్యే మార్పులు) కావాలి. ఎస్ నొక్కితే మొత్తం స్టేజ్ (తర్వాతి కమిట్‌కి సిద్ధం) అయిపోతోంది.
– బి.టెక్ విద్యార్థిని, వరంగల్

జవాబు: కర్సర్ ఫైల్ పేరు మీద ఉన్నప్పుడు ఎస్ నొక్కితే ఫైలంతా వెళ్తుంది. కంట్రోల్-ఎక్స్, జి నొక్కి స్టేటస్ (మార్పుల జాబితా) తెరిచి, ఫైల్ పేరు మీద ట్యాబ్ కొట్టండి. మార్పులు ముక్కలు ముక్కలుగా (వీటినే హంక్ అంటారు) విచ్చుకుంటాయి. ఒక హంక్ మీద ఎస్ నొక్కితే ఆ ముక్క మాత్రమే స్టేజ్ అవుతుంది. పొరపాటు జరిగితే యు నొక్కి వెనక్కి తీసుకోండి.

రెండు పనులూ ఒకే హంక్‌లో ఇరుక్కుంటే ముందు మైనస్ మీట నొక్కి చూడండి. చుట్టూ చూపే మారని పంక్తులు తగ్గి, కొన్నిసార్లు ఒక హంక్ రెండవుతుంది. సున్నా నొక్కితే మళ్లీ మామూలే. అప్పటికీ విడిపోకపోతే, హంక్ లోపల కంట్రోల్-స్పేస్‌తో మొదలుపెట్టి కావలసిన పంక్తులు ఎంచుకుని ఎస్ నొక్కాలి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మార్చిన పంక్తి డిఫ్‌లో (తేడాలు చూపేచోట) రెండుగా కనిపిస్తుంది: మైనస్‌తో పాతది, ప్లస్‌తో కొత్తది. ప్లస్ పంక్తిని ఒక్కదాన్నే ఎంచుకుంటే కమిట్‌లో పాతదీ కొత్తదీ రెండూ ఉంటాయి. జంటగానే ఎంచుకోండి.

తర్వాత సి రెండుసార్లు నొక్కి, సందేశం రాసి, కంట్రోల్-సి రెండుసార్లు. సందేశం మధ్యలో మనసు మారితే కంట్రోల్-సి, కంట్రోల్-కె.

ఇంకో చిక్కుంది. ఇలా ముక్క తీసి చేసిన కమిట్ విడిగా ఎప్పుడూ నడవలేదు. మీరు పరీక్షించింది రెండూ కలిసిన కోడ్‌ని. అందుకే కమిట్ చేశాక జడ్ రెండుసార్లు నొక్కి మిగతా మార్పులు స్టాష్‌లో దాచి, టెస్టులు నడపండి. తప్పు కనిపిస్తే సరిచేసి, స్టేజ్ చేసి, సి తర్వాత ఇ నొక్కితే అదే కమిట్‌లో కలుస్తుంది. ఆపైన జడ్, పి కొట్టి దాచినవి తెచ్చుకోండి. పుష్ చేయకముందే (అందరూ వాడే సర్వర్‌కి పంపకముందే) ఇదంతా.

ప్రశ్న: స్టేజ్ చేయబోయి కె నొక్కాను, అడిగినదానికి అవునన్నాను. మార్పులు పోయాయి. తిరిగొస్తాయా?
– ప్రోగ్రామర్, విశాఖపట్నం

జవాబు: ఫైల్ ఈమాక్స్‌లో ఇంకా తెరిచే ఉంటే, ముందు ఆ బఫర్‌లోకి (ఫైల్ తెరిచి ఉన్న చోటికి) వెళ్లి కంట్రోల్-స్లాష్‌తో అన్‌డూ ప్రయత్నించండి. ఈలోగా బఫర్ మూయొద్దు. ఆ మార్పులు ఎప్పుడైనా స్టేజ్ చేసి ఉంటే టెర్మినల్‌లో ‘గిట్ ఎఫ్‌ఎస్‌సికె --లాస్ట్-ఫౌండ్’ నడపండి. దారితప్పిన ఫైల్ ప్రతులు ‘.గిట్’ ఫోల్డర్ లోపల లాస్ట్-ఫౌండ్‌లో, అదర్ అనే ఫోల్డర్‌లో పడతాయి. పేర్లుండవు, తెరిచి వెతుక్కోవాలి. స్టేజే చేయకపోతే గిట్‌కి ఆ సంగతే తెలియదు. ఇకముందు మ్యాగిట్-విప్-మోడ్ ఆన్‌లో పెట్టుకోండి. సేవ్ చేసినప్పుడల్లా పక్కన ఒక ప్రతి దాస్తుంది.

ప్రశ్న: తెలుగులో డాక్యుమెంటేషన్ రాస్తుంటాను. స్టేటస్‌కి వచ్చి ఎస్ కొడితే ఏత్వం గుర్తు చూపించి, అలాంటి కమాండ్ లేదంటోంది.
– అనువాదకుడు, హైదరాబాద్

జవాబు: కంప్యూటర్ కీబోర్డే ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు మీటల అమరికలో ఉండిపోయింది, అందులో ఎస్ స్థానంలో ఉన్నది ఏత్వమే. సిస్టమ్ కీబోర్డ్‌ని ఇంగ్లీషులో ఉంచి, ఈమాక్స్ సొంత పద్ధతి వాడండి: కంట్రోల్-ఎక్స్, ఎంటర్, ఆపైన కంట్రోల్-బ్యాక్‌స్లాష్ నొక్కి తెలుగు-ఇన్‌స్క్రిప్ట్ అని ఎంచుకోండి. తర్వాత కంట్రోల్-బ్యాక్‌స్లాష్ ఒక్కటే చాలు, తెలుగు వస్తూ పోతూ ఉంటుంది. ఇది ఏ బఫర్‌కి ఆ బఫర్ విడివిడిగా పనిచేస్తుంది కాబట్టి ఫైల్‌లో తెలుగు ఉన్నా స్టేటస్ మీటలు చెడవు.

టెర్మినల్‌లో మీ తెలుగు ఫైల్ పేర్లు 340, 260 అంటూ అంకెలుగా కనిపిస్తున్నాయా? కోర్.కోట్‌పాత్ అనే గిట్ సెట్టింగ్‌ని ఫాల్స్ చేయండి. పేర్లు పాడవలేదు, ఒక్కో తెలుగు అక్షరపు మూడు బైట్లను గిట్ అలా చూపిస్తోందంతే.

ప్రశ్న: పుష్ చేస్తే ఏమీ జరగదు, కారణమూ చెప్పదు.
– పాఠకుడు, గుంటూరు

జవాబు: స్టేటస్‌లో డాలర్ గుర్తు నొక్కండి. గిట్ చెప్పిన ప్రతి మాటా అక్కడ ఉంటుంది. ‘నాన్-ఫాస్ట్-ఫార్వర్డ్’ అని ఉంటే సాధారణంగా మీకంటే ముందు ఎవరో పుష్ చేశారని అర్థం. షిఫ్ట్-ఎఫ్‌తో పుల్ చేశాకే (వాళ్ల మార్పులు తెచ్చుకున్నాకే) మళ్లీ షిఫ్ట్-పితో పుష్. ఆ కంగారులో ఫోర్స్ (బలవంతపు పుష్) మాత్రం పెట్టకండి, అవతలివాళ్ల పని తుడిచిపెట్టుకుపోతుంది.