వైర్‌లెస్ కీబోర్డు, మౌస్ మొరాయిస్తే: మీ ప్రశ్నలు, మా జవాబులు

వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఈసారి ఎక్కువ వైర్‌లెస్ కీబోర్డు, మౌస్‌ల గురించే. చాలామంది చివర్లో అడిగింది ఒకటే: కొత్తది కొనాలా? చాలా ఉత్తరాలకు మా జవాబు అక్కర్లేదనే. పరికరం చెడిపోవడం కన్నా సెల్లు, డాంగిల్ (కంప్యూటర్ యూఎస్‌బీ పోర్టులో పెట్టే చిన్న రిసీవర్) పెట్టిన చోటు, కంప్యూటర్ సెట్టింగులు తేడా చేయడమే ఎక్కువ.

ప్రశ్న: హన్మకొండలో మాది మీసేవ కేంద్రం. సీపీయూ ఇనుప టేబుల్ కింద గోడకు ఆనించి ఉంటది. కీబోర్డు, మౌస్ రెండింటికీ ఒకటే డాంగిల్, వెనకాల పెట్టినం. దరఖాస్తు నింపుతుంటే నడుమ అక్షరాలు ఎగిరిపోతున్నయి. ఒక్కోసారి ఒకే అక్షరం వరుసగా పడుతనే ఉంటది. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి ఫైళ్లు కాపీ చేసేటప్పుడైతే మౌస్ ఆగి ఆగి కదులుతది. సెల్లు మొన్ననే మార్చినం. సెట్టు పోయినట్టేనా సార్?

జవాబు: పోలేదు. హార్డ్ డిస్క్ నడిచేటప్పుడు మౌస్ మరీ తడబడుతోందన్నారు చూడండి, కారణం అక్కడే ఉంది. మీ డాంగిల్ 2.4 గిగాహెర్ట్‌జ్ రేడియో తరంగాల మీద పనిచేస్తుంది. యూఎస్‌బీ 3.0 పోర్టులో (సాధారణంగా లోపల నీలం రంగు పట్టీ ఉంటుంది) డేటా సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో పోతున్నప్పుడు ఆ పోర్టు నుంచి, దానికి తగిలించిన వైరు నుంచి, డిస్క్ నుంచి రేడియో రొద బయటికి వస్తుంది. అది సరిగ్గా 2.4 గిగాహెర్ట్‌జ్ ప్రాంతంలోనూ ఉంటుంది. ఇంటెల్ సంస్థ 2012లోనే దీన్ని కొలిచి పత్రం ప్రచురించింది. పక్క పోర్టులోనే ఉన్న డాంగిల్‌కు ఆ రొదలో మౌస్ పంపే బలహీనమైన సంకేతం అందదు.

అక్షరం అదే పనిగా పడటానికీ కారణం ఇదే. కీ నొక్కినప్పుడు ఒక సంకేతం, వదిలినప్పుడు ఇంకో సంకేతం వెళ్తాయి. మొదటిది అంది రెండోది దారిలో పోతే, మీరు ఇంకా కీ నొక్కి పట్టుకునే ఉన్నారని కంప్యూటర్ అనుకుంటుంది. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు నింపే చోట ఇది చిన్న విషయం కాదు. సరిచేసే దాకా అంకెలను తెర మీద రెండోసారి చూసుకోండి.

ముందుగా డాంగిల్‌ను సీపీయూ ముందు వైపున్న నల్ల పోర్టుకు మార్చండి. వెనకాల పెట్టినప్పుడు సీపీయూ రేకు డబ్బా, ఇనుప టేబుల్, గోడ మూడూ కలిసి సంకేతానికి అడ్డం పడుతున్నాయి. ముందు పోర్టులోనూ పక్కనే పెన్‌డ్రైవో డిస్కో పెట్టాల్సి వస్తే, ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు తెచ్చి డాంగిల్‌ను టేబుల్ పైకి తీసుకురండి. కీబోర్డుకు జానెడు, రెండు జానల దూరంలో ఉంటే చాలు. టేబుల్ పైభాగం కూడా ఇనుప రేకే అయితే, డాంగిల్‌ను నేరుగా రేకు మీద పడేయకుండా కింద ఒక పుస్తకమో చెక్క ముక్కో పెట్టండి. హార్డ్ డిస్క్ వైరును డాంగిల్ పక్కనుంచి కాకుండా అటువైపు నుంచి లాగండి. కంపెనీలు ఎన్ని మీటర్ల దూరం చెప్పినా అది అడ్డేమీ లేని చోట లెక్క.

ఇంత చేసినా అప్పుడప్పుడు తడబడితే వైఫై రూటర్‌ను చూడండి. అది డాంగిల్ పక్కనే ఉంటే మీటరు, మీటరున్నర దూరం జరపండి. రూటర్‌కు 5 గిగాహెర్ట్‌జ్ సదుపాయం ఉంటే కంప్యూటర్‌ను దానికి కలపండి, 2.4 మీద బరువు తగ్గుతుంది. పక్క కౌంటర్‌లో అదే కంపెనీ సెట్టు వాడుతున్నా మీరు కొట్టింది వాళ్ల తెర మీద పడదు. ప్రతి డాంగిల్ తనకు జతచేసిన పరికరాల గుర్తింపు సంఖ్యనే పట్టించుకుంటుంది.

ప్రశ్న: గోదావరిఖని నుంచి రాస్తున్న. ల్యాప్‌టాప్‌కు బ్లూటూత్ మౌస్ వాడుతున్న. కొద్దిసేపు ముట్టకపోతే ఆగిపోతది. ఒక్కోసారి క్లిక్ చేస్తే వస్తది, ఒక్కోసారి ఎంత కొట్టినా రాదు, ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేయాల్సి వస్తున్నది.

జవాబు: క్లిక్ చేస్తే వచ్చేది మామూలే. సెల్లు మిగలడానికి మౌస్ తానే నిద్రపోతుంది. దాన్ని మార్చలేం, మార్చాల్సిన పనీ లేదు. రీస్టార్ట్ దాకా తీసుకెళ్లేది వేరు: చాలాసార్లు కరెంటు పొదుపు కోసం విండోస్ బ్లూటూత్ భాగాన్ని ఆపేసి, తిరిగి సరిగ్గా లేపలేకపోతుంది.

విండోస్ గుర్తున్న కీ, ఎక్స్ కలిపి నొక్కి, ఆ తర్వాత ఎం నొక్కితే డివైస్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో బ్లూటూత్ కింద మీ అడాప్టర్ పేరు మీద రెండుసార్లు క్లిక్ చేయండి (పేరులో ఇంటెల్, రియల్‌టెక్, మీడియాటెక్ వంటిది ఉంటుంది). పవర్ మేనేజ్‌మెంట్ పేజీలో, పవర్ ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపడానికి కంప్యూటర్‌కు అనుమతిచ్చే టిక్కు తీసేయండి. డాంగిల్ మౌస్‌కు ఇదే ఇబ్బంది వస్తే యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్ కింద కనిపించే ప్రతి యూఎస్‌బీ రూట్ హబ్‌లోనూ అదే టిక్కు తీయాలి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ పేజీ కనిపించదు. అప్పుడు ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి మీ మోడల్ బ్లూటూత్ డ్రైవర్ (ఆ భాగాన్ని విండోస్‌తో నడిపించే సాఫ్ట్‌వేర్) దింపుకుని వేయండి.

అప్పటికీ లొంగకపోతే జతను తెంపి మళ్లీ కలపాలి. సెట్టింగ్స్‌లో బ్లూటూత్ అండ్ డివైసెస్‌కు వెళ్లి మౌస్ పేరు పక్కన మూడు చుక్కలు నొక్కి రిమూవ్ చేయండి. మౌస్ కింది బటన్‌ను లైటు వేగంగా మెరిసేదాకా నొక్కి పట్టి, యాడ్ డివైస్‌తో కలపండి. కీబోర్డు కలిపేటప్పుడైతే తెర మీద ఆరంకెల సంఖ్య రావచ్చు. దాన్ని ల్యాప్‌టాప్ కీల మీద కాదు, కొత్త కీబోర్డు మీదే కొట్టి ఎంటర్ నొక్కాలి. చాలామంది ఇక్కడే ఆగిపోయి కీబోర్డు కలవడం లేదనుకుంటారు. ఇంకొకటి, మీ మౌస్‌కు 1, 2, 3 అని మార్చే బటన్ ఉంటే అది వేరే నంబరు మీదికి జరిగి, ఫోన్‌కో టీవీకో కలిసి ఉందేమో చూడండి.

ప్రశ్న: జమ్మికుంటలో జిన్నింగ్ మిల్లు ఆఫీసు. మౌస్ క్లిక్ పడుతది, కానీ బాణం కదలదు. కదిలినా ఎటో గెంతుతది.

జవాబు: క్లిక్ పడుతోందంటే రేడియో, సెల్లు రెండూ బాగున్నట్టే. మౌస్‌ను తిరగేసి సెన్సర్ రంధ్రం చూడండి. పత్తి నూగు ఒక్క పోగు అడ్డం పడ్డా బాణం గెంతుతుంది. స్విచ్ ఆపి, మెత్తటి పొడి బ్రష్‌తో తీసేయండి. నోటితో ఊదితే తేమ చేరుతుంది. టేబుల్ మీద గాజు పలక ఉంటే మామూలు ఆప్టికల్ మౌస్‌కు అది పనికిరాదు, కింద మ్యాట్ వేయండి. ఎర్ర లైటు కనిపించకపోతే చెడిందనుకోకండి. చాలా వైర్‌లెస్ మౌస్‌లలో కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ లైటే ఉంటుంది.

ప్రశ్న: డాంగిల్ పోయింది. కరీంనగర్‌లో అదే కంపెనీ డాంగిల్ విడిగా దొరికితే సరిపోతదా?

జవాబు: చవక సెట్లలో దాదాపు సరిపోదు. ఆ డాంగిల్, ఆ మౌస్ ఫ్యాక్టరీలోనే జతపడి వస్తాయి, విడిగా కలిపే సాఫ్ట్‌వేర్ ఉండదు. లాజిటెక్ వస్తువైతే కింది వైపు గుర్తు చూడండి. నారింజ రంగు నక్షత్రం లాంటి గుర్తు ఉంటే అది యూనిఫయింగ్ రకం. ఏ యూనిఫయింగ్ డాంగిల్ తెచ్చినా కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో కలపవచ్చు, ఒక్కదానికి ఆరు పరికరాల దాకా కలుస్తాయి. 2021లో వచ్చిన బోల్ట్ రకం వేరు, ఈ రెండూ ఒకదానితో ఒకటి కలవవు. కొనే ముందు ఇది చూసుకోకపోతే డబ్బు వృథా. మీ మౌస్‌కు బ్లూటూత్ కూడా ఉంటే డాంగిల్ లేకుండానే నడుస్తుంది. సెట్టులో రెండింటికీ ఉండేది ఒక్క డాంగిలే కాబట్టి, తీసినప్పుడల్లా మౌస్ లోపల సెల్లు పెట్టే అరలో దానికి ఉన్న గాడిలో పెట్టడం అలవాటు చేసుకోండి.

ప్రశ్న: జగిత్యాల. వేసవి సెలవుల్లో పక్కన పెట్టిన కీబోర్డు తీస్తే సెల్లకు తెల్లటి పొడి పట్టింది. కొత్త సెల్లు వేసినా పనిచేయడం లేదు.

జవాబు: సెల్లు కారాయి. ఆల్కలైన్ సెల్లైతే ఆ కారింది క్షారం, చర్మానికి, కంటికి మంచిది కాదు. చేతికి తొడుగు వేసుకుని, కాటన్ బడ్‌ను వెనిగర్‌లో గానీ నిమ్మరసంలో గానీ కొద్దిగా తడిపి స్ప్రింగులు, రేకులు రుద్దండి. నురగ ఆగాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. ద్రవం లోపలికి కారకుండా కీబోర్డును వాల్చి పట్టుకోండి. రేకు మీద ఇంకా నల్లగా ఉంటే పెన్సిల్ రబ్బరుతో గీకండి. స్ప్రింగ్ తినేసి తెగిపోయి ఉంటే ఇంట్లో అయ్యే పని కాదు, టంకం పెట్టే మెకానిక్‌కు ఇవ్వాలి.

కొత్త సెల్లు వేసినప్పుడు ప్లస్, మైనస్ ఒకసారి చూడండి. పాత సెల్లు ఒకటి, కొత్తది ఒకటి కలపకండి. మల్టీమీటర్ ఉంటే కొత్త ఆల్కలైన్ 1.5 వోల్టులు దాటి చూపాలి, 1.2 కిందికి వస్తే మార్చేయడమే. రీచార్జి సెల్లు నిండుగా ఉన్నా 1.2 దగ్గరే ఉంటాయి కాబట్టి వాటితో బ్యాటరీ తక్కువైందని చూపినా కంగారు వద్దు. నెల రోజులు వాడనప్పుడు సెల్లు బయటికి తీసి పెట్టండి.

ప్రశ్న: మంచిర్యాల. బ్లూటూత్ కీబోర్డుతో బయోస్‌లోకి పోలేకపోతున్న.

జవాబు: బయోస్ అంటే విండోస్ మొదలుకాక ముందు తెరుచుకునే సెట్టింగుల తెర. చాలా కంప్యూటర్లలో బ్లూటూత్ కీబోర్డుతో అందులోకి పోలేరు. బ్లూటూత్ డ్రైవర్ విండోస్‌తో పాటే మేలుకుంటుంది. డాంగిల్ కీబోర్డు యూఎస్‌బీ కీబోర్డులాగే కనిపిస్తుంది కాబట్టి బయోస్‌లోనూ పనిచేస్తుంది. ఒక మామూలు వైరు కీబోర్డు ఇంట్లో పెట్టుకోండి.

ప్రశ్న: వరంగల్‌లో డిగ్రీ చదువుతున్న. కీ చాలాసేపు నొక్కి పడితేనే అక్షరం పడుతున్నది. సెల్లు మార్చినా అంతే.

జవాబు: ఇది రేడియో గొడవ కాదు. కుడివైపు షిఫ్ట్ కీని 8 సెకన్లు నొక్కి పడితే విండోస్‌లో ఫిల్టర్ కీస్ అనే సదుపాయం మొదలవుతుంది, మీకు తెలియకుండా అది పడి ఉంటుంది. మళ్లీ 8 సెకన్లు పట్టండి, లేదా సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, కీబోర్డు దగ్గర ఆపేయండి. ఇంగ్లిష్ కొడితే తెలుగు పడుతోందని రాసిన మిగతావాళ్లకూ ఇక్కడే జవాబు: విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది.

ప్రశ్న: మహబూబాబాద్. వైర్‌లెస్ కీబోర్డుతో బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టొచ్చా?

జవాబు: కీబోర్డును బట్టి ఉంటుంది. 2016లో బాస్టిల్ సంస్థ పరిశోధకులు రెండు లోపాలు బయటపెట్టారు. ఒకదాంతో దూరం నుంచి డాంగిల్‌కు దొంగ కీ సంకేతాలు పంపవచ్చు. రెండోదాంతో, రహస్య లిపి లేకుండా సంకేతాలు పంపే కొన్ని చవక కీబోర్డుల మీద కొట్టేదంతా చదవవచ్చు. అందుకే డబ్బా మీద 128 బిట్ ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ (కొట్టింది రహస్య లిపిలో పంపే పద్ధతి) అని ఉన్నది గానీ, మంచి కంపెనీ బ్లూటూత్ కీబోర్డు గానీ కొనండి. పాత లాజిటెక్ డాంగిల్ అయితే కంపెనీ ఇచ్చిన ఫర్మ్‌వేర్ (డాంగిల్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ వేయండి. పదిమంది వచ్చిపోయే కౌంటర్ మీద, డబ్బు వ్యవహారాలకు మాత్రం వైరు కీబోర్డునే మేం సిఫారసు చేస్తాం.