ప్లిమత్‌కు ముందు బ్రేకులు, తర్వాత పికప్

అల్లుడూ,

1950 నాటి ప్లిమత్ కారు కొన్నానని, దాని పికప్ పెంచాలని రాశావు. పని మాత్రం బ్రేకులతో మొదలుపెట్టు. బంజారాహిల్స్ దిగుడులో ముందున్న ఆటో టక్కున ఆగితే 97 హార్స్‌పవర్ నిన్ను కాపాడదు.

ఎడమ పక్క చక్రాల బోల్టులకు ఎడమ మర ఉంటుంది, అంటే మామూలు బోల్టుకు వ్యతిరేక దిశలో తిప్పితేనే వదులవుతుంది. టైర్ల షాపువాడికి ముందే చెప్పు, లేకపోతే గన్ పెట్టి విరగ్గొడతాడు. వెనక డ్రమ్ములు వాలుగా చెక్కిన యాక్సిల్ మీద బిగుసుకుని ఉంటాయి. సుత్తి ముట్టుకోకు, బేరింగులు పోతాయి. నట్టు రెండు చుట్లు వదులు చేసి అలాగే ఉంచు. డ్రమ్మును బయటికి లాగే పెద్ద పుల్లర్ బిగించి రాత్రంతా వదిలేయి. డ్రమ్ము ఒక్కసారిగా ఊడి మీదికి రాకుండా ఆ నట్టే ఆపుతుంది.

బ్రేకు తొక్కితే పెడల్ కాలికి కొట్టుకుంటోందంటే డ్రమ్ము గుండ్రం తప్పింది. బాలానగర్‌లో ఏ మంచి లేత్ దగ్గరైనా టర్నింగ్ చేయించు. అసలు సైజు మీద 60 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) దాటితే మాత్రం ఆ డ్రమ్ము వద్దు. పలచబడింది వేడికి సాగుతుంది, పెడల్ కిందికి దిగిపోతుంది.

అసలు కిటుకు షూల దగ్గరుంది, అంటే డ్రమ్ముకు లోపలి నుంచి ఒత్తుకునే వంపు పలకల దగ్గర. ముందు ఒక్కో చక్రానికి షూలను నెట్టే వీల్ సిలిండర్లు రెండు, ఒక్కో షూకు మడమ దగ్గర, అంటే అది ఆనుకుని తిరిగే కొన దగ్గర, తిప్పితే షూ జరిగే ఎక్సెంట్రిక్ పిన్ను ఒకటి. చాలామంది మెకానిక్‌లు ఆ పిన్ను జోలికి పోకుండా షూ రెండో కొసను జరిపే కామ్ తిప్పి సరిపెడతారు. అప్పుడు లైనింగ్ ఒక కొసనే అరిగి, బండి పక్కకు లాగుతుంది. కొత్త లైనింగ్‌ను డ్రమ్ము వంపుకు సరిగ్గా రుద్దించు. పిన్ను, కామ్ రెండూ తిప్పుతూ సందు కొలిచే పలచటి రేకుల ఫీలర్ గేజ్‌తో మడమ దగ్గర 6 థౌ, కొస దగ్గర 12 థౌ తెచ్చుకో. ఒక పూట పడుతుంది, పడనీ.

రబ్బరు హోసులు మూడూ మార్చెయ్. లోపల ఉబ్బిన హోసు వల్ల పెడల్ వదిలినా చక్రం వదలదు. పెడల్ ఒత్తిడిని ఫ్లూయిడ్‌కు అందించే అసలు మాస్టర్ సిలిండర్‌కు ఒకటే సర్క్యూట్, ఒక్క పైపు పగిలినా నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. డబ్బు పెట్టాలనుకుంటే రెండు సర్క్యూట్ల సిలిండర్‌కు పెట్టు. బ్రేకుకు బలం కలిపే సర్వో కాలి శ్రమ తగ్గిస్తుంది కానీ చెడ్డ షూలను మంచివి చేయదు. ముందుకు డిస్కులు వేస్తే ఆ లైనులో 2 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత), డ్రమ్ముల లైనులో 10 పీఎస్‌ఐ రెసిడ్యువల్ వాల్వు, అంటే లైనులో కొంచెం ఒత్తిడి నిలిపి ఉంచే వాల్వు, ఉండాలి. మాస్టర్ సిలిండర్ ఫ్లోర్ కింద ఉంటుంది కాబట్టి అది లేకపోతే ఫ్లూయిడ్ వెనక్కి జారుతుంది.

ఇక ఇంజన్. ముందు కంప్రెషన్ గేజ్ పెట్టు. ఆరు సిలిండర్ల మధ్య తేడా 10 పీఎస్‌ఐ దాటకూడదు. తక్కువ చూపించిన దాంట్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడు. రీడింగ్ పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. వాల్వులు కాలడానికి పెద్ద దొంగ వాటర్ పంపు వెనక బ్లాకులో దాగిన నీటి గొట్టం. అది తుప్పు పడితే వెనక సిలిండర్లకు నీళ్లందవు, మన మే నెల ఎండలో ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది. రేడియేటర్, పంపు విప్పి ఆ గొట్టం మార్చు. బోరు నీళ్లు పోయకు, గార కడుతుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపి పొయ్యి. వాల్వులను లేపే ట్యాపెట్ల సందు ఇంజన్ వేడి మీదున్నప్పుడే ఇన్లెట్‌కు 8, ఎగ్జాస్ట్‌కు 10 థౌ పెట్టు. శబ్దం వస్తోందని బిగిస్తే వాల్వు పోయినట్టే.

పోయిన శక్తి ఇంతవరకే చాలావరకు తిరిగొస్తుంది. ఆ పైన కావాలంటే హెడ్, అంటే సిలిండర్ల పై మూత, చెక్కించు. చాంబర్ చిన్నదై కంప్రెషన్ పెరుగుతుంది. ఒక్కో సిలిండర్ 595 సీసీ. 7:1 కంప్రెషన్ రేషియోకు చాంబర్ సుమారు 99 సీసీ, 7.8 కావాలంటే 87.5. కిరసనాయిలు పోసి ఆరు చాంబర్లూ కొలిచాకే మిల్లింగ్‌కు ఇవ్వు. ఇది ఫ్లాట్‌హెడ్, అంటే వాల్వులు హెడ్డులో కాక బ్లాకులో ఉండే ఇంజన్. వాల్వులు పైకి లేచి హెడ్డును తాకుతాయేమో క్లే పెట్టి చూడు.

పెట్రోల్‌లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ ఉంది. మిక్స్చర్ పలచనవుతుంది కాబట్టి కార్బరేటర్‌లో పెట్రోల్ వచ్చే మెయిన్ జెట్ కొంచెం పెద్దది వెయ్. పెట్రోల్ పంపు డయాఫ్రం కూడా ఇథనాల్‌ను తట్టుకునేదే ఉండాలి. రెండు కార్బరేటర్ల మోజు వద్దు, సిటీ ట్రాఫిక్‌లో వాటిని సరిచూసుకోవడమే పనైపోతుంది.

హెడ్ బోల్టులు మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతల్లో 65 నుంచి 70 అడుగు-పౌండ్ల దాకా బిగించు. ఇంజన్ వేడెక్కాక మళ్లీ చూడు. బ్రేకు షూలు కుదురుకున్నాక, సుమారు 300 కిలోమీటర్లకు, కామ్‌లు ఇంకోసారి సరిచెయ్.

మీ మామ