సీబీడీ కోర్సులో చేర్పించమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి బీఫార్మసీ చివరి సంవత్సరంలో ఉంది. హెంప్ మొక్క నుంచి సీబీడీ తీయడం నేర్పుతామన్న ఆన్‌లైన్ కోర్సు ప్రకటన చూసి చేరతానంటోంది. ఇంట్లోనే చేసి చూసుకునే కిట్ కూడా ఇస్తారట. అది గంజాయే కదా అని మాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: మీ టెన్షన్ అర్థం లేనిదేమీ కాదండీ. హెంప్, గంజాయి ఒకే జాతి మొక్కలు. మత్తెక్కించే టీహెచ్‌సీ 0.3 శాతం దాటకుండా పెంచే రకాలను చాలా దేశాల్లో హెంప్‌గా లెక్కిస్తారు. సీబీడీ అదే మొక్కలో ఉండే వేరే పదార్థం, అది మత్తెక్కించదు. రెండు రకాల మొండి మూర్ఛలకు సీబీడీతో చేసిన ఎపిడియోలెక్స్‌ను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో ఆమోదించింది. అంటే అమ్మాయి ఆసక్తిలో తప్పు లేదు. నాకు నచ్చనిది ఆ కిట్టే.

మాదకద్రవ్యాలపై ఉన్న మన ఎన్‌డీపీఎస్ చట్టం (1985) ప్రకారం పూత ఉన్న కొమ్మలు గంజాయి కిందికి, వేరుచేసిన జిగురు చరస్ కిందికి వస్తాయి. జిగురును శుద్ధి చేసినా చరసే. గింజలకు, పూత లేకుండా విడిగా ఉన్న ఆకులకు మాత్రమే మినహాయింపు. ఆకునే వాడతామని ఇక్కడి కంపెనీలు చెప్పుకునేది అందుకే. లైసెన్సున్న సంస్థ ఆవరణలో చేసే పనిని వంటింట్లో చేస్తే కేసవుతుంది. కిట్ ఇంటికి రానివ్వకండి.

అసలు పని ఎలా ఉంటుందో అమ్మాయికి చూపించండి. మొక్కలో సీబీడీ ఎక్కువగా ఆమ్ల రూపంలో ఉంటుంది, వేడి చేస్తేనే సీబీడీ అవుతుంది. సారం తీయడానికి చల్లటి ఇథనాల్ వాడతారు, లేదా కార్బన్ డయాక్సైడ్. ఈ వాయువును 31 డిగ్రీలు, 74 బార్ పీడనం దాటిస్తే వాయువులా మొక్క పొడిలోకి చొచ్చుకుపోతుంది, ద్రవంలా కరిగిస్తుంది. పీడనం తగ్గించగానే అది ఎగిరిపోయి నల్లటి జిగట సారం మిగులుతుంది. అందులో మైనం కూడా ఉంటుంది. సారాన్ని ఇథనాల్‌లో కరిగించి బాగా చల్లబరిస్తే, చలికాలంలో కొబ్బరినూనెలా మైనం గడ్డకడుతుంది. దాన్ని వడకట్టాలి. ఫిల్టర్ పూడుకుపోతుంటే విసుక్కోకుండా మారుస్తూ, ప్రతిదీ బ్యాచ్ రికార్డులో రాయాలి. ప్రకటనల్లో చూపించని భాగం ఇదే! ఆ తర్వాత వాక్యూమ్‌లో డిస్టిలేషన్, స్ఫటికాలు కట్టించడం. ఆమ్ల రూపం ఎంతుందో చూడాలంటే హెచ్‌పీఎల్‌సీ (ద్రావణంలోని పదార్థాలను విడదీసి కొలిచే మెషీన్) వాడతారు. గ్యాస్ క్రోమటోగ్రఫీ అనే మరో పద్ధతిలో నమూనాను వేడి చేస్తారు, ఆ వేడికే ఆమ్లం సీబీడీగా మారిపోతుంది.

ఒక్క సీబీడీనే నమ్ముకుంటే ఇక్కడ అవకాశాలు తక్కువ. ఇదే విద్య పసుపు నుంచి కర్క్యుమిన్, బంతిపూల నుంచి ల్యూటిన్ తీసేచోట పనికొస్తుంది. వడకట్టడం, డిస్టిలేషన్, స్ఫటికాలు జీడిమెట్ల, పాశమైలారం బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్లలో రోజూ ఉండే పనే. అందుకే ముందు హెచ్‌పీఎల్‌సీ మీద చేయి తిరగాలి. కాలేజీ ల్యాబ్‌లో ఆ మెషీన్ ఉంటే ప్రాజెక్టు దాని మీదే చేయమనండి. పైచదువు కావాలంటే ఎంఫార్మసీ ప్రవేశాలకు పెట్టే జీప్యాట్ పరీక్ష రాయించండి. ఆపై జాతీయ ఫార్మసీ విద్యాసంస్థ నైపర్ పెట్టే ప్రవేశ పరీక్ష నైపర్ జేఈఈలో మంచి ర్యాంకు వస్తే బాలానగర్ నైపర్‌లో ఫార్మాస్యూటికల్ అనాలిసిస్‌కు ప్రయత్నించవచ్చు, మీ ఇంటికీ దగ్గరే. కోర్సుకు కట్టాలనుకున్న డబ్బు ఆ కోచింగ్‌కు పెట్టండి.